కొత్త వేగవంతమైన ఇంటి రూటర్లు: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడలో మా వీధికి ఫైబరు వచ్చిన నాటి నుంచి ‘ఏ రూటర్ కొనమంటారు?’ అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. గుణుపురం నుంచి వచ్చే ఫోన్లలోనూ, పర్లాకిమిడిలో పెళ్లి భోజనాల దగ్గరా, విజయనగరం వెళ్లే రైల్లోనూ అవే సందేహాలు ఎదురవుతున్నాయి. అడిగినప్పుడల్లా చెప్పిందే చెప్పడం కన్నా జవాబులను ఒకచోట రాసి ఉంచడం నయమనిపించింది. ఎవరికి ఏ దశలో సందేహం ఉంటే ఆ భాగం మాత్రమే చదువుకోవచ్చు.

## కొనడానికి ముందు

నాది 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల) ప్లాను. ఖరీదైన రూటర్ పెడితే నెట్ వేగం పెరుగుతుందా?

పెరగదు. వీధి నుంచి ఇంటికి వచ్చే వేగాన్ని ప్లాను నిర్ణయిస్తుంది. వచ్చిన వేగం వంటింటి దాకా, మేడ మీది గది దాకా తగ్గకుండా చేరడం మాత్రమే రూటర్ చేతిలో ఉంటుంది. రూటర్ పక్కన నిలబడి కొలిస్తే 90 పైన వస్తూ, పడకగదిలో 12 మాత్రమే వస్తుంటే కొత్త రూటర్ వల్ల మేలు జరగవచ్చు. ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా కలిపి కొలిచినా 40 దాటకపోతే రూటర్ కొనకండి, ఆపరేటర్‌కు ఫోను చేయండి.

ఫైబర్ డబ్బాలోనే వైఫై ఉంది కదా, వేరే రూటర్ ఎందుకు?

చాలా ఇళ్లలో అవసరం లేదు. ఆ డబ్బాను ఓఎన్‌టీ అంటారు. ఫైబరులో వచ్చే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చడం దాని అసలు పని, వైఫై దానికి తగిలించిన అదనపు సౌకర్యం. మన దేశంలో విరివిగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబరు మీద డౌన్‌లోడ్‌కు సెకనుకు 2.488 గిగాబిట్లు, అప్‌లోడ్‌కు 1.244 గిగాబిట్లు ఉంటాయి; దానిని వీధిలోని స్ప్లిటర్ ద్వారా సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. కాబట్టి 300, 500 ప్లాన్లు మోయడానికి ఆ డబ్బాలోని ఫైబరు భాగం చాలినంత గట్టిదే. బలహీనత ఎక్కువగా దాని వైఫైలో ఉంటుంది. చవక రకాల్లో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే ఉంటుంది, దానితో పక్క గదిలో 40, 50 వస్తే గొప్ప.

మీ డబ్బా 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు కూడా చూపిస్తూ, పోర్టులు గిగాబిట్‌వి అయితే డబ్బు దాచుకోండి. వేరే రూటర్ పెట్టాలనే నిర్ణయించుకుంటే, ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రూటర్ పని మానేసి, వచ్చిన నెట్‌ను నేరుగా మీ రూటర్‌కు అందించేలా) పెట్టమని ఆపరేటర్‌ను అడిగి, పీపీపీఓఈ (ఆపరేటర్ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (మీ లైనుకు ఆపరేటర్ పెట్టిన గుర్తు సంఖ్య) ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. బిగించడానికి వచ్చిన కుర్రాడు వెళ్లిపోయాక ఈ మూడింటి కోసం ఒడియాలో, తెలుగులో, హిందీలో పది ఫోన్లు చేయవలసి వస్తుంది.

వైఫై 6 కొనాలా, వైఫై 7 కొనాలా?

వైఫై 6 రకానికి ధ్రువీకరణ 2019లో, వైఫై 7కు 2024 జనవరిలో మొదలైంది. కొత్తదానిలో మూడు పెద్ద మార్పులు వచ్చాయి, ఆ మూడూ మన ఇళ్లలో ఒకే రీతిగా పనికిరావు.

మొదటిది, ఒక్కో సంకేతంలో కూర్చే సమాచారం 10 బిట్ల నుంచి 12 బిట్లకు పెరిగింది. అదే బస్తాలో పది కుంచాలకు బదులు పన్నెండు కుంచాల ధాన్యం కూరినట్టన్నమాట. రూటర్ కంటి ముందే ఉన్నప్పుడు 20 శాతం లాభమే, గోడ అడ్డం వస్తే మాత్రం ఆ బిగింపు నిలవదు, రూటర్ తనంతట తానే పాత పద్ధతికి దిగిపోతుంది. రెండవది, 320 మెగాహెర్ట్జ్ వెడల్పు గల చానెల్, అంటే సమాచారం పోయే దారి. ఇది 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో (రేడియో తరంగాల పట్టీలో) మాత్రమే సాధ్యం, కనుక తక్కువ ధరకు దొరికే రెండు బ్యాండ్ల వైఫై 7 రూటర్లలో అసలు ఉండదు. మూడవది ఎంఎల్‌ఓ, అంటే ఒకే పరికరం రెండు బ్యాండ్లను కలిపి వాడుకోవడం. ఒక బ్యాండులో రద్దీ ఉంటే రెండవదాని మీద సాగిపోయే ఈ ఏర్పాటు నిజంగా మంచిదే, అయితే అవతల ఫోను కూడా వైఫై 7ది కావాలి.

నా అభిప్రాయం అడిగితే, 300 లోపు ప్లాను ఉండి, ఇంట్లో ఫోన్లన్నీ రెండు మూడేళ్ల కిందటివైతే వైఫై 6 రూటర్ చాలు. కొత్త ఫోన్లు ఉండి, ధరలో తేడా కొద్దిగానే కనిపిస్తే వైఫై 7 తీసుకోవచ్చు. పేరులో 7 ఉందన్న ఒక్క కారణంతో ఎక్కువ పెట్టకండి.

అమెరికా నుంచి మా బావగారు 6 గిగాహెర్ట్జ్ రూటర్ తెస్తానంటున్నారు. పనికొస్తుందా?

తేవద్దని మర్యాదగా చెప్పండి. ఒక్కో దేశం ఒక్కో రకంగా రేడియో పౌనఃపున్యాలను తెరిచింది. అమెరికా 2020లో 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1200 మెగాహెర్ట్జ్‌ను వైఫైకి ఇచ్చింది. మన దేశంలో 2025 మేలో వెలువడిన ముసాయిదా నియమాలు 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, అంటే 500 మెగాహెర్ట్జ్‌ను మాత్రమే, అదీ ఇంటి లోపల తక్కువ శక్తితో, బయట అతి తక్కువ శక్తితో వాడుకునేందుకు ప్రతిపాదించాయి. ఆ మేరలో 160 మెగాహెర్ట్జ్ చానెళ్లు మూడు, 320ది ఒక్కటి పడతాయి. అమెరికా కోసం చేసిన పెట్టె ఇక్కడ అనుమతి లేని చానెళ్లలో ప్రసారం చేస్తుంది. దాని ప్లగ్గు మన సాకెట్‌లో పట్టదు, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. పైగా 6 గిగాహెర్ట్జ్ సంకేతం ఒక్క ఇటుక గోడకే చాలా నీరసిస్తుంది.

## పెట్టె మీది అంకెలు

పెట్టె మీద 3000 అని ఉంది. నా ఫోనులో అంత ఎందుకు రాదు?

ఆ సంఖ్య రెండు రేడియోల గరిష్ఠ వేగాల కూడిక మాత్రమే. ఏఎక్స్3000 (ఏఎక్స్ అన్నది వైఫై 6 గుర్తు) అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 574, 5 గిగాహెర్ట్జ్ మీద 2402; రెండూ కలిపి 2976 అయితే దానిని గుండ్రంగా 3000 చేశారు. రెండు ఎడ్లబండ్ల మోతను కూడి ఒకే బండి మీద రాసినట్టుంటుంది ఈ లెక్క. ఫోను సాధారణంగా ఒక సమయంలో ఒక్క బ్యాండులోనే ఉంటుంది. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పును వాడగల పరికరానికే. 80 వరకే వాడగల రెండు యాంటెన్నాల ఫోనుకు 1201 కనిపిస్తుంది. రేడియో తన సొంత నిర్వహణకు వాడుకునే సమయం పోగా, అదే గదిలో 600 నుంచి 800 వరకు చేతికందుతుంది.

ఒక చిన్న కిటుకు గమనించండి. ఏఎక్స్1500లో 300, 1201. ఏఎక్స్1800లో 574, 1201. అంటే మీరు ఎక్కువగా వాడే 5 గిగాహెర్ట్జ్ రేడియో రెండింటిలోనూ ఒకే వేగానిది. ఆ 300 తేడాకు వెల కట్టేది 2.4 వైపే. వైఫై 7 రకమైన బీఈ3600 అయితే 688, 2882.

యాంటెన్నాలు ఎక్కువ ఉంటే సిగ్నల్ ఎక్కువ దూరం పోతుందా?

బయటికి కనిపించే కర్రల సంఖ్యకు, లోపల ఉండే రేడియో గొలుసుల (సంకేతాన్ని పంపి, అందుకునే భాగాల) సంఖ్యకు పొంతన ఉండాలన్న నియమమేమీ లేదు. వివరాల పట్టికలో 5 గిగాహెర్ట్జ్ ఎదురుగా ‘2×2’ అని ఉందా, ‘4×4’ అని ఉందా అన్నది చూడాలి. రూటర్ ప్రసార శక్తికి చట్టం ఒక హద్దు పెట్టింది కనుక, ఆరు యాంటెన్నాలు ఉన్నంత మాత్రాన కేక మూడింతలు కాదు. అసలు చిక్కు రెండవ వైపు ఉంటుంది. రూటర్ ఎంత గట్టిగా పిలిచినా, చిన్న బ్యాటరీ మీద బతికే ఫోను ఇచ్చే జవాబు రూటర్‌కు వినిపించాలి. నాలుగు గొలుసుల రూటర్ ఆ సన్నని జవాబును బాగా వింటుంది. 4×4కు పెట్టే అదనపు ఖర్చు అందుకే.

160 మెగాహెర్ట్జ్ ఆన్ చేస్తే 5 గిగాహెర్ట్జ్ వైఫై కాసేపు మాయమవుతోంది. ఎందుకు?

అది లోపం కాదు. 160 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలంటే రూటర్ సాధారణంగా 36 నుంచి 64 వరకు ఉన్న చానెళ్లను కలిపి వాడాలి. వాటిలో 52 నుంచి 64 వరకు రాడార్లతో పంచుకునేవి. అందుకని ప్రసారం మొదలుపెట్టే ముందు రూటర్ ఒక నిమిషం పాటు మౌనంగా వింటుంది. రాడార్ సంకేతం ఉందని అనుమానం కలిగితే ఆ చానెల్‌ను వదిలేస్తుంది. నిమిషం ఆగాక వైఫై వచ్చి నిలబడితే సరే. రోజుకు నాలుగుసార్లు మాయమవుతుంటే 80కి తగ్గించండి. 300 ప్లానుకు 80 మెగాహెర్ట్జ్ చాలు.

## డబ్బా వెనక, డబ్బా లోపల

300 ప్లాను తీసుకున్నా 94 దాటడం లేదు. కంపెనీ మోసమా, రూటర్ పాడైందా?

94 అన్న అంకె కనిపిస్తే ఎక్కువసార్లు రెండూ కాదు. 100 ఎంబీపీఎస్ పోర్టు గుండా వచ్చే సమాచారంలో పైచుట్లు (చిరునామాల వంటి అదనపు సమాచారం) తీసేస్తే మిగిలేది సుమారు 94. అంటే దారిలో ఎక్కడో ఒక 100 గొట్టం ఉందని అర్థం.

ఈ పాఠం నాకు మా చిన్నాన్నగారి ఇంట్లో వచ్చింది. ‘ఏసీ1200’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న రూటర్‌ను ఆయనకు నేనే కొనిపెట్టాను. ఎన్నిసార్లు కొలిచినా 94. ఆపరేటర్ మనిషిని రెండుసార్లు పిలిపించి, అతని మీద కొంచెం విసుక్కున్నాం కూడా. మూడవసారి డబ్బాను తిరగేసి, కళ్లజోడు సవరించుకుని చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ‘10/100’ అని ఉంది. వైఫై 867 వరకు పోగలదు, వెనక పోర్టు మాత్రం 100ది. ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పి టీ ఇచ్చి పంపాం. ఇప్పటికీ చవక రూటర్లు ఈ పద్ధతిలో అమ్ముడవుతున్నాయి కనుక, కొనేముందు ‘గిగాబిట్’ లేదా ‘10/100/1000’ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి.

పోర్టు గిగాబిట్‌దే అయినా 94 వస్తుంటే వైరును అనుమానించండి. ఓఎన్‌టీకి, రూటర్‌కు మధ్య ఉన్న వైరు కొసలోని ప్లాస్టిక్ పిన్నును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల రంగు తీగలు కనిపిస్తాయి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ, మొత్తం ఎనిమిది, చివరి లోహపు పళ్ల దాకా చేరి ఉండాలి. 100 వేగానికి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. నాలుగే బిగించినా, ఒక్క తీగ తెగినా లింకు సాధారణంగా 100కు దిగిపోతుంది. పైకి నెట్ బాగానే పనిచేస్తూ ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. వైరు కొనేటప్పుడు లోపలిది పూర్తి రాగి తీగేనా, రాగి పూత పూసిన అల్యూమినియమా అని అడగండి. రెండవది వంగిన చోట తొందరగా విరుగుతుంది.

2.5 గిగాబిట్ పోర్టు తప్పనిసరిగా ఉండాలా?

గిగాబిట్ పోర్టు నుంచి సుమారు 940 వరకు వస్తుంది కనుక అంతకు మించిన ప్లాను లేని ఇంటికి అవసరం లేదు. ఇంట్లో వీడియో ఎడిటింగ్ చేస్తూ పెద్ద ఫైళ్లను ఒక కంప్యూటర్ నుంచి మరొక దానికి పంపుకునే స్టూడియోవాళ్లకు పనికొస్తుంది. 2016లో ఖరారైన ఈ ప్రమాణం పాత క్యాట్ 5ఈ వైరు మీద కూడా 100 మీటర్ల వరకు నడుస్తుంది, గోడలు పగలగొట్టనక్కర లేదు. అయితే అలాంటి పోర్టు ఒక్కటే ఉన్న రూటర్‌లో 2.5 వేగంతో లోపలికి వచ్చినది బయటికి పోవడానికి మళ్లీ గిగాబిట్ పోర్టే దిక్కు.

ప్రాసెసర్, ర్యామ్ ఎంత ఉండాలి? పెట్టె మీద ఎక్కడా రాయరేం?

చాలా కంపెనీలు రాయవు. కానీ రెండేళ్ల తరువాత రూటర్ తడబడుతుందా, నిలబడుతుందా అన్నది వీటి మీదే ఆధారపడుతుంది. ఒకప్పుడు గిగాబిట్ రూటర్లలో విస్తారంగా వాడిన మీడియాటెక్ ఎంటీ7621 చిప్పులో 880 మెగాహెర్ట్జ్ కోర్లు రెండు ఉండేవి. ఇప్పటి ఫిలాజిక్ 820లో 1.3 గిగాహెర్ట్జ్ ఆర్మ్ కోర్లు రెండు ఉన్నాయి.

మామూలు బ్రౌజింగుకు ఈ తేడా తెలియదు, ఎందుకంటే ప్యాకెట్లను (సమాచారపు ముక్కలను) ఇటు నుంచి అటు చేరవేసే పనిని చిప్పులోని ప్రత్యేక భాగం ప్రాసెసర్‌ను కదపకుండానే చేసేస్తుంది. పిల్లల వాడకంపై నియంత్రణ, ఏ పరికరానికి ఎంత వేగమో పంచే ఏర్పాటు, వీపీఎన్ (ఆఫీసు నెట్‌కు వేసుకునే రహస్య దారి) వంటివి ఆన్ చేయగానే ఆ దగ్గరి దారి మూసుకుపోయి ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ గుమ్మం తొక్కవలసి వస్తుంది. అప్పుడు 500 వచ్చే కనెక్షన్ పాత చిప్పు మీద సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. విశాఖ, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వీపీఎన్‌ను రూటర్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లోనే నడుపుకోవడం మేలు. ర్యామ్ 256 ఎంబీకి తగ్గకుండా చూసుకోండి.

రూటర్ యూఎస్‌బీ పోర్టుకు హార్డ్ డిస్క్ తగిలించవచ్చా?

తగిలించవచ్చు. అయితే యూఎస్‌బీ 3 వైరు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో రేడియో రొద పుట్టిస్తుంది. డిస్క్ పెట్టిన రోజు నుంచి పాత ఫోన్లకు వైఫై సరిగా అందకపోతే, సెట్టింగుల్లో యూఎస్‌బీ 2కు మార్చి చూడండి.

## ఇంట్లో బిగించేటప్పుడు

మాది పర్లాకిమిడిలో తాతలనాటి ఇల్లు. ఏ రూటర్ అయితే అన్ని గదులకూ వస్తుంది?

ఒక్క డబ్బాతో రాదు. రెండడుగుల మందం గోడను రూటర్ ఖరీదు కరిగించలేదు. 5 గిగాహెర్ట్జ్ అలాంటి గోడ ఒకటి దాటేసరికి డస్సిపోతుంది, 2.4 మరొక గది దాకా పోతుంది. రేకుల కప్పు, ఇనుప బీరువా, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు, ఇవన్నీ గోడకన్నా గట్టి అడ్డంకులు. రూటర్‌ను అందంగా ఉండాలని టీవీ అలమారలో దాచడం, ఎవరికీ తగలకూడదని అటక మీద పెట్టడం మనవాళ్లకు బాగా అలవాటు, రెండూ పొరపాట్లే. చాలా ఇంటి రూటర్లు 40 డిగ్రీల వరకు పనిచేసేలా తయారైనవి, రేకు కింద అటక మీద మే నెలలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది.

ఫైబరు బిగించే రోజే ఓఎన్‌టీని వీధి గదిలో కాక నడిమి గదిలో పెట్టమని అడగండి. సన్నని తీగే కనుక గోడ వెంట లాగడం కష్టం కాదు. మూలల్లో దానిని మడవనివ్వకండి, మడిచిన చోట కాంతి బయటికి జారిపోతుంది. మిగిలిన గదులకు ఒక వైరు లాగి రెండవ వైఫై డబ్బా పెట్టడమే నిలకడైన మార్గం.

మెష్ సెట్ (ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు డబ్బాలు) కొంటే చాలా, వైరు కూడా లాగాలా?

లాగగలిగితే లాగండి. రెండు బ్యాండ్ల మెష్ డబ్బాలు వైరు లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రేడియోతోనే మీ ఫోనుతోనూ మాట్లాడతాయి, కనుక రెండవ డబ్బా దగ్గర వేగం దాదాపు సగమవుతుంది. వైరుతో కలిపితే ఆ నష్టం ఉండదు. వైరు అసాధ్యమైతే రెండవ డబ్బాను సిగ్నల్ అందని గదిలో పెట్టకండి. సగం దూరంలో, మొదటిదాని సంకేతం ఇంకా బాగా అందే చోట పెట్టాలి.

పండక్కి ఇరవై మంది చుట్టాలొస్తే నెట్ నత్తనడక నడుస్తుంది. కొత్త రూటర్ తట్టుకుంటుందా?

పాతదానికన్నా బాగా తట్టుకుంటుంది. పాత పద్ధతిలో ఒక్కో క్షణం ఒక్కో ఫోనుకే చానెల్ మొత్తం దక్కేది, ఒక చిన్న సందేశానికి కూడా వరుస ఆగేది. వైఫై 6 నుంచి వచ్చిన ఓఎఫ్‌డీఎంఏ పద్ధతిలో చానెల్‌ను ముక్కలు చేసి ఒకేసారి పలువురికి వడ్డించవచ్చు. ఒకే విస్తరిలో నలుగురు పిల్లలకు కలిపి పెట్టినట్టు. కానీ ఇరవై మందీ ఒకేసారి వీడియో చూస్తే 50 ప్లాను 50 ప్లానుగానే ఉంటుంది.

## కరెంటు, ఉరుములు

ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే నెట్ తెగిపోయి రెండు నిమిషాలకు వస్తోంది. ఏం చేయాలి?

ఇన్వర్టర్ మారే ఆ రెప్పపాటులో రూటర్ ఆరిపోయి మళ్లీ మొదలవుతోంది. చాలా ఇంటి ఇన్వర్టర్ల వెనక ‘నార్మల్’, ‘యూపీఎస్’ అని ఒక మీట ఉంటుంది. దానిని యూపీఎస్ వైపు పెడితే మార్పు త్వరగా జరుగుతుంది, ఎక్కువ రూటర్లు ఆరిపోకుండా నిలుస్తాయి.

అప్పటికీ ఆగకపోతే రూటర్ కోసమే చేసిన చిన్న 12 వోల్టుల యూపీఎస్ తీసుకోవచ్చు. ఎంతసేపు వస్తుందో ఇలా లెక్క వేసుకోండి: 2000 ఎంఏహెచ్, 3.7 వోల్టుల సెల్లులు మూడు ఉంటే సుమారు 22 వాట్-గంటలు. ఓఎన్‌టీ 8 వాట్లు, రూటర్ 10 వాట్లు తింటే గంట, అంతకు కొద్దిగా అటూ ఇటూ. రెండింటికీ సరఫరా ఉండాలని మరవకండి. రూటర్ వెలుగుతూ ఓఎన్‌టీ ఆరిపోతే వైఫై పేరు కనిపిస్తుంది, నెట్ మాత్రం ఉండదు. పెద్ద వైఫై 7 రూటర్లకు 12 వోల్టుల వద్ద 2 ఆంపియర్లకు మించి కావలసి రావచ్చు, చిన్న యూపీఎస్ అంత ఇవ్వలేదు.

పిడుగు పడితే ఫైబరు గుండా వచ్చి రూటర్ కాలిపోతుందా?

ఫైబరు గాజు, అది విద్యుత్తును మోయదు. దానికి ఊతంగా ఉక్కు తీగ ఉన్న రకమైతే ఆ తీగను ఇంటి బయటే తెంచి ఉంచాలి. ప్రమాదం ప్లగ్గు నుంచి, ఇంటి బయట వేలాడే ఈథర్‌నెట్ వైరు నుంచి వస్తుంది. పక్క మేడకో, డాబా మీది కెమెరాకో రాగి వైరు లాగి ఉంటే ఉరుములప్పుడు దానిని కూడా రూటర్ నుంచి పీకేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను కుదిపేసిన సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు. అంతటి గాలివానకు స్తంభాలతోపాటు ఫైబరూ నేలకూలుతుంది, ఏ రూటరూ ఆదుకోలేదు. ఒక మొబైల్ హాట్‌స్పాట్ ప్లాను చేతిలో ఉంచుకోవడమే ఉపాయం.

అడాప్టర్ పోయింది. ఇంట్లో పడి ఉన్న వేరేది పెట్టవచ్చా?

వోల్టులు కచ్చితంగా సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, పిన్ను మధ్య భాగం ప్లస్సా మైనస్సా అన్న గుర్తు కలవాలి. ఆంపియర్లు తక్కువైతే రూటర్ వెలుగుతుంది కానీ రద్దీ పెరిగినప్పుడల్లా తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. చాలామంది దానిని రూటర్ లోపమనుకుని పారేస్తారు. బీఐఎస్ గుర్తున్న అడాప్టరే కొనండి.

## కొన్నాళ్లు వాడాక

డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోంది. రూటర్ మార్చాలా?

వద్దు. ‘లాస్’ అన్న చోట ఎర్ర లైటు వెలగడమంటే ఓఎన్‌టీకి కాంతి అందడం లేదని. తీగ తెగి ఉండవచ్చు, మడతపడి ఉండవచ్చు, వీధి పెట్టెలో ఊడిపోయి ఉండవచ్చు. ఓఎన్‌టీ పేజీలో కనిపించే కాంతి బలం మైనస్ 27 డీబీఎం దగ్గరకు వచ్చిందంటే హద్దు మీద ఉన్నట్టు. మైనస్ 20 ప్రాంతంలో ఉంటే హాయి. ఈ అంకెను నెట్ బాగున్న రోజునే చూసి రాసుకుంటే, పాడైన రోజున ఆపరేటర్‌తో వాదన చిన్నదవుతుంది.

నాలుగేళ్ల రూటర్ బాగానే పనిచేస్తోంది. అయినా మార్చాలా?

వేగం కోసమైతే మార్చనక్కర లేదు. కంపెనీ దానికి ఇంకా భద్రతా అప్‌డేట్లు ఇస్తోందా అన్నది మాత్రం చూడండి. చివరి ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) తేదీ ఎన్నో ఏళ్ల కిందటిదైతే, ఇంటి లైను తాళం పాతబడిందని అర్థం. వైఫై భద్రతా పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఉంటే ఆన్ చేయండి. పాత ప్రింటరో, 2.4 మీద మాత్రమే నడిచే స్మార్ట్ బల్బో మొరాయిస్తే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ ఎంచుకోండి. పాతదానిని తీసేశాక ఎవరికైనా ఇచ్చేముందు వెనకనున్న చిన్న రంధ్రంలో పిన్నీసు కొన పెట్టి పది సెకన్లు నొక్కి రీసెట్ చేయండి. మీ పీపీపీఓఈ పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది.